పుస్తకంలో పన్నెండు

లారీ మళ్ళీ అదే గుట్ట సగంలో ఆగిపోయింది.

ఇది మూడోసారి. రెండేళ్ళలో ఇప్పటికే రెండుసార్లు ఇంజను విప్పాడు లెక్కల మాస్టారు. రెండుసార్లూ కాలింది పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వే.

"దీన్ని తూకానికి అమ్మేయండి బావా," అన్నాడు బావమరిది, టైరు కింద రాయి పెడుతూ.

మాస్టారు ఇంకో రాయి అందించాడు. ఆ లారీ వాళ్ళ నాన్నది. ఆయన తోలిన రోజుల్లో కూడా బరువుతో ఈ గుట్ట దగ్గరకొచ్చేసరికి ఇలాగే చతికిలబడేది. "వాడికి బండి తోలడం రాదు, ఇంజన్లు తగలేస్తాడు" అని సరుకు వేసేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి ఆయనా అదే నమ్మాడు. "నా చేతిలోనే ఏదో లోపముందిరా" అంటూనే పోయాడు.

ఒక్కసారి, నిండు బరువుతో, ఆగకుండా ఈ గుట్ట ఎక్కించాలి. మాస్టారి పంతమంతా అదే.

ఆదివారం పాత బళ్ళ పిచ్చోళ్ళంతా మాస్టారి షెడ్డులో చేరారు. అక్కడ బానెట్ ఎత్తితే చాలు, తలా ఒక వైద్యం చెబుతారు. డీజిల్లో గాలి చేరిందని ఒకరు, రేడియేటర్ పూడుకుందని ఒకరు. "మా జీపుకైతే..." అని మొదలుపెట్టేవాళ్ళు సరేసరి. మాస్టారి తల అప్పటికే వాచిపోయి ఉంది.

సరిగ్గా అప్పుడు దిగాడు ఆ పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. సొంత బండంటూ లేదు, బస్సు దిగి నడిచొచ్చాడు.

"టాపెట్ గ్యాప్ ఎంత పెట్టావు బాబూ?"

"పన్నెండు థౌ," అన్నాడు మాస్టారు. వాల్వ్‌కీ, దాన్ని నొక్కే టాపెట్‌కీ మధ్య వదిలే సందు అది; అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పన్నెండు.

"ఎగ్జాస్ట్‌కి ఇరవై పెట్టు."

మాస్టారు ఆయన చేతులకేసి చూశాడు. ఒక్క గోటిలో కూడా గ్రీజు మరక లేదు. ఈయనొక్కడే తక్కువయ్యాడు అనుకున్నాడు.

"ఇరవై పెడితే టకటకమని చప్పుడొస్తుందండీ."

"రానీ. టాపెట్ మాట్లాడుతున్నంతసేపూ భయం లేదు. అది నోరు మూసుకుంటేనే వాల్వ్ కాలేది. వేడికి ఇనుము పెరుగుతుంది, పెరగడానికి సందియ్యాలి కదా."

మాస్టారు సీటు కింద నుంచి కంపెనీవాళ్ళ పుస్తకం తీశాడు. నాన్న వేలిముద్రలతో అట్ట నల్లబడిపోయిన పుస్తకం. పేజీ తిప్పి ఆయన ముక్కు కింద పెట్టాడు.

"ఇదిగో, పన్నెండు. మీ ఇరవై ఎక్కడుందో చూపించండి."

"అందులో ఉండదు. ఆ పుస్తకమే తప్పు."

షెడ్డంతా ఘొల్లుమంది.

"ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పానండీ నేను. అచ్చయిన అంకె తప్పంటే ఎలా ఊరుకోమంటారు?"

"అది ఖాళీ బండి మీద కొలిచిన అంకె బాబూ. బరువుతో గుట్ట ఎక్కించి చూడలేదు." పెద్దాయన మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు. "దీన్ని ఎవరు తోలేవారు?"

"మా నాన్న. ఇప్పుడు లేరు."

"అయ్యో. ఆయనతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"మా నాన్నకి చెప్పినవాళ్ళకి కొదవేం లేదు లెండి. దయచేయండి."

దయచేశాడు. పై ఆదివారం మళ్ళీ వచ్చాడు. "ఇరవై పెట్టావా?" ఆ పై ఆదివారం కూడా అదే ప్రశ్న. మాస్టారికి ఓపిక నశించింది.

"చూడండి, మీకు పనీపాటా లేకపోవచ్చు. నాకుంది. ఇంకోసారి ఈ షెడ్డులో కనిపించకండి."

పెద్దాయన సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మాస్టారు పుస్తకం ప్రకారం పన్నెండే పెట్టాడు. నాలుగోసారి కూడా లారీ గుట్ట సగంలోనే ఆగింది, అదే వాల్వ్ కాలింది.

"పోయేదేముంది బావా, ఆ ఇరవై పెట్టి చూడండి. కాలిందంటే మీ పుస్తకమే గెలుస్తుంది," అన్నాడు బావమరిది.

ఆ పెద్దాయన తప్పని తేల్చడానికే పెట్టాడు మాస్టారు. ఇసుక బస్తాలు నిండా వేయించాడు. దారి పొడవునా ఇంజను టకటకమని వాగుతూనే ఉంది. అలా వాగుతూనే గుట్ట సగం దాటింది, మలుపు దాటింది, పైకెక్కి నిలబడింది.

మాస్టారు స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చేశాడు. నాన్న చేతిలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన మనిషిని తనే గెంటేశాడు.

పెద్దాయన పేరు గానీ ఊరు గానీ షెడ్డులో ఎవరికీ తెలియదు. అదే మోడల్ లారీ ఉన్న ఒకాయన పక్క జిల్లాలో ఉన్నాడని విని, నంబరు సంపాదించి ఫోన్ చేసి, తన ఊరూ లారీ సంగతీ చెప్పాడు.

"మీరు టాపెట్ గ్యాప్ ఎంత పెడతారండీ?"

"ఇరవై. పెద్దాయన చెప్పారుగా. మీ దగ్గరికి రాలేదా? ఇంకొక్క బండే మిగిలిందని మీ ఊరే బయల్దేరారు."

"వచ్చారండీ. నేనే పొమ్మన్నాను. ఆయన ఇల్లెక్కడో చెప్పండి, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."



"పోయిన నెల పోయారండీ ఆయన."

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ పెట్టబోతూ అడిగాడు.

"ఇంతకీ ఏ షెడ్డులో మెకానిక్‌గా చేసేవారు?"

"మెకానిక్కేంటండీ, కంపెనీలో ఆ పుస్తకం రాసిందే ఆయన, తన అంకె తప్పని తెలిసిన రోజు నుంచి ఆ లారీలు తోలినవాళ్ళందరినీ వెతుక్కుంటూ వెళ్ళి, తప్పు మీది కాదు, నాది అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగారు."