ఊక మీద నీళ్ళు

కొత్త పలక కూడా కోడలి చేతిలో ఫట్‌మని విరిగింది. కరిగిన ప్లాస్టిక్‌లో ఊక కలిపి పోసిన పలక అది, లోపలంతా బుడగలే. సాయంత్రం కుర్చీల కంపెనీవాళ్ళు వచ్చేసరికి గట్టి పలక చూపించకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే.

"ఊకకి తడి తగిలింది! ఎవరత్తయ్యా దీని జోలికొచ్చింది?" కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరుగుతూ అరిచింది.

చీపురు పట్టుకున్న అత్త తలవంచుకుంది. "నేనేనే. రోజూ పొద్దున్నే కాసిని నీళ్ళు చల్లుతున్నా."

"నా కొంప ముంచడానికా?"

"ఆ దుమ్ముకి రాత్రంతా దగ్గుతున్నావు కదే తల్లీ. గోడ అవతల పడుకున్నదాన్ని, నాకు నిద్రెలా పడుతుంది?"

కోడలు బయట ఎండకేసి చూసి, గబగబా పట్టా పరిచింది.

"ఆ చివర పట్టుకోండి, ఆరబోద్దాం. నేను దగ్గితే దగ్గుతాను గానీ, ముందు మీ ముక్కుకి గుడ్డ కట్టుకోండి."