కడిగేసిన పాలు

మునిగిపోయిన దీవుల పిల్లలు ఆ రోజుల్లో విశాఖలో వీధికొకరు పెరుగుతున్నారు. అలా హైమవతి పెంచుకోవడానికి తెచ్చుకున్న లానీకి ఇంకా రెండేళ్లు నిండలేదు. టీకాల కేంద్రంలో హైమవతి ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని నర్సు రత్నకుమారిని అడిగింది.

"దీవిలో ఉన్నప్పుడు ఏయే టీకాలు పడ్డాయో రక్తం చూసి చెప్పలేరా సిస్టర్?"

"ఎందుకు చెప్పలేమమ్మా? కానీ ఒక్కొక్కరినీ పరీక్ష చేసేకంటే, ఒంట్లో ఉన్న పాత రక్షణంతా కడిగేసి మొదట్నుంచీ టీకాలు వేసెయ్యడమే చవకంట. అందరికీ అదే చేస్తన్నాం. పరీక్షే కావాలంటే మాత్రం ఆలస్యం అవుతాది."

హైమవతికి లోలోపల సంతోషమే కలిగింది. మొదట్నుంచీ అంటే, తన కడుపునే పుట్టినట్టు.

"కడిగెయ్యండి," అంది.

లానీ చేతికి కడిగే పట్టీ చుట్టారు. ఎదురుగా తెరమీద, ఒంట్లోంచి పోతున్న రక్షణల పేర్లు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోయాయి. పోలియో. తట్టు. ధనుర్వాతం. అన్నీ ఎవరో శ్రద్ధగా, వేళ తప్పకుండా వేయించిన టీకాలే. చివరి పేరు మాత్రం చాలాసేపటిదాకా ఆరలేదు. తల్లిపాల రక్షణ.

పట్టీ విప్పేలోగా కొత్త టీకాలన్నీ పడిపోయాయి. ఆరిన పేర్లు వరసగా మళ్లీ వెలిగాయి. చివరిది వెలగలేదు.

"సిస్టర్, ఆ ఒక్కటీ..."

"అది మా దగ్గిర ఉండదమ్మా," అంది రత్నకుమారి, తెర కట్టేస్తూ.

లానీకి మగత కమ్మింది. వచ్చిన రోజునుంచీ ఉన్న అలవాటే, మొహం హైమవతి రొమ్ముకేసి తిప్పుకుని, పాలు లేని చోట పెదాలు కదపసాగింది.