చెంచా

“ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి,” అన్నారు వికారాబాద్ చర్చిలో పాస్టర్ గారు. పెళ్లి చాటింపులో అలా అడగడం ఆనవాయితీ. ఎవరూ నోరు మెదపకపోవడం కూడా ఆనవాయితీయే.

“నాకున్నది అయ్యగారూ,” అంటూ రెబెక్క లేచింది. పెళ్లికూతురు ఆమే.

గుసగుసలు మొదలయ్యాయి. మన చర్చిలో గుసగుసలకు మైకు అక్కర్లేదు. మగవాళ్ల వైపు నుంచి ఆమె తండ్రి కిష్టప్ప కళ్లురిమాడు.

“కూసో బిడ్డ! ఇజ్జత్ తీస్తున్నవ్. బంగారమసొంటి పిలగాడు. ప్రధానం నాడు బిర్యాని గూడ చెంచాతోని తిన్నడు, దొర లెక్క!”

“ఎందుకు తిన్నడో అడుగు నాయినా. అరచేతులు చూపియ్యమను. ఉంగరం తొడిగేటప్పుడు నేను చూసిన.”

తల్లితో తాండూరు నుంచి వచ్చి ముందు బెంచీలో కూర్చున్న పెళ్లికొడుకు నవీన్‌కుమార్ పిడికిళ్లు బిగించాడు.

“నాది రాళ్ల పాలిషింగ్ పని. చేతులు గట్లనే ఉంటయ్.”

“నోట్ల పుండ్లు గూడ పాలిషింగ్‌తోనే అయినయా?”

నవీన్ తల తిప్పుకున్నాడు. పాస్టర్ గారు అడ్డుపడ్డారు.

“ఇవి నలుగురిలో మాట్లాడే విషయాలు కావమ్మా.”

“పక్కకు పిలిచి అడిగిన అయ్యగారూ, బతిలాడిన. నా మీద శక్ చేస్తవా అని ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండు. గిసొంటి మచ్చలు, పుండ్లు సుఖరోగానివి గావొచ్చని దవాఖానల చెప్పిన్రు. అవునో కాదో నాకు తెల్వదు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తది. రోగమే అయితే సూదులతోని తక్కువైతది, అప్పుడు చేసుకుంట. దాస్తే మాత్రం చేసుకోను. తప్పు చేయనిదాన్ని, నేనెందుకు తల దించుకోవాలె?”

రెబెక్క కూర్చోలేదు.

పెళ్లికొడుకు తల్లి భాగమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. ఆమె నోరు ఎలాంటిదో తాండూరులో ఎవరినడిగినా చెబుతారు. కిష్టప్ప పరుగున వెళ్లి చేతులు జోడించాడు.

“పోరి తెల్వక అన్నది చెల్లె, జర మాఫ్ చెయ్.”

భాగమ్మ అతన్ని పక్కకు తోసి, కొడుకు పిడికిలి బలవంతంగా విప్పింది. అరచేతినిండా రాగి రంగు మచ్చలు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నేరుగా ఆడవాళ్ల వైపు నడిచింది. చెంపదెబ్బ ఖాయమనుకుని కిష్టప్ప కళ్లు మూసుకున్నాడు.

భాగమ్మ వెళ్లి రెబెక్క పక్కన నిలబడింది.

“అయ్యగారూ, నాది గూడ అభ్యంతరమే. వీడు ఇంట్ల చెంచా వట్టిన నాడే నా గుండె జల్లుమన్నది, అడిగే ధైర్నం గాలే. వీని నాయన గూడ ఒకప్పుడు గిట్లనే చెంచా వట్టిండు. ఎందుకో, నాకు అంటినంక గానీ తెల్వలే!”