రాజుగారి మొహమాటం

“హోర్ముజ్ ఎందుకు పతనమైందో రేపు క్లాసులో చెప్పాలి నాన్నా” అంది జాయ్స్, తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. “ఈ గల్ఫ్ ముఖద్వారం దగ్గర ఉన్న చిన్న దీవి అది. ముత్యాలూ గుర్రాలూ అన్నీ దాని రేవు మీదుగానే వెళ్ళేవట. అంత పెద్ద వ్యాపార రాజ్యం ఎలా పోయింది?”

జీవరత్నానికి చరిత్ర బొత్తిగా రాదు. కానీ శుక్రవారం వాళ్ళమ్మ భీమవరం నుంచి దోహా వస్తోంది. మెసైమీర్‌లోని ఆ ఫ్లాటులో ఉన్నది ఒకటే పడగ్గది, హాల్లో ఒకటే సోఫా. ఆ సోఫా మీద అతని బావమరిది సైలస్ పడుకుంటున్నాడు. ఎలాగైనా దాన్ని ఖాళీ చేయించాలి.

తాళం తిరిగింది. డ్యూటీ నుంచి వస్తూ సైలస్ గ్యాస్ బండ భుజాన మోసుకొచ్చాడు.

“తలుపు కొట్టే అలవాటు కూడా లేదు” అని గొణిగాడు జీవరత్నం.

“వింటాడండీ! వాడేమనుకుంటాడు?” అంది అతని భార్య దేవకుమారి, తమ్ముడి మొహం చూడలేక.

సైలస్ బండ బిగించి వచ్చి, సోఫా అంచున కూర్చుని, అక్క పెట్టిన అన్నం తినసాగాడు. జీవరత్నం గొంతు పెంచాడు.

“రాసుకో జాయ్స్. పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో వచ్చారు. నాలుగు రోజులుండి పోతామన్నారు. మెల్లిగా సామాన్లు దించారు. ఆ తర్వాత కదిలితే ఒట్టు!”

“కోట కూడా కట్టుకున్నారట నాన్నా. రేవులో సుంకాలు వసూలు చేసే కచేరీ వాళ్ళే లాక్కున్నారట.”

“అదే మరి! రాజు పేరుకే రాజు. పాపం, కాళ్ళు చాపుకోడానికి జాగా లేదు. వచ్చినవాళ్ళకైనా సిగ్గుండాలి కదా?”

సైలస్‌కి పొలమారింది. దేవకుమారి గబగబా మంచినీళ్ళు అందించింది.

“మరి ఆ రాజు పొమ్మనొచ్చుగా?” అంది జాయ్స్.

“మొహమాటం! ఆ మొహమాటమే కొంప ముంచింది. కింద గీత గీసుకో.”

“నువ్వేమంటావ్ మావయ్యా?”

సైలస్ నవ్వాడు. “వచ్చినవాళ్ళలో ఆయనకి కావలసినవాళ్ళు ఉండుంటారమ్మా.”

చెయ్యి కడుక్కొచ్చి, సోఫా వెనకనుంచి తన పెట్టె లాగాడు. “బావగారూ, పెద్దావిడ వస్తున్నారుగా. ముఐథర్‌లో మా డ్యూటీ వాళ్ళ రూములో ఒక మంచం ఖాళీ ఉంది. నేనక్కడికి వెళ్తాను.”

“అయ్యో, నేను పొమ్మన్నానా?” అన్నాడు జీవరత్నం. పెట్టె మాత్రం తనే లిఫ్టు దాకా మోసిపెట్టాడు. తిరిగొచ్చి సోఫాలో కాళ్ళు బార్లా చాపి, “చూశావా, చరిత్ర చదివితే ఎంత లాభమో!” అన్నాడు కూతురితో. దేవకుమారి కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కింద వాచ్‌మన్ ఉమైర్ ఆ పెట్టె చూసి కంగారుపడ్డాడు. “ఎక్కడికి సైలస్ భాయ్?”

“నా ఫ్లాటుకి చుట్టాలొచ్చారు, ఉమైర్.”