ఒడ్డు మీద చర్చ

కుంటలోని నాచు పీకెయ్యాలా వద్దా అని లకుముకి పిట్ట ఒడ్డున చర్చ పెట్టింది. పీకెయ్యాలనే వైపు మూడు కొంగలు కూర్చున్నాయి. ఒక్క ఆడగొంతైనా లేకపోతే బావుండదని, ఆ నాచులోనే పిల్లల్ని దాచుకున్న పరక చేపనూ పిలిచింది.

"ఒడ్డెక్కి నీ వాదన చెప్పమ్మా," అంది లకుముకి.

పిల్లల కోసం పరక ఎగిరి ఒడ్డున పడింది. నోరు తెరిచింది, మూసింది. ఊపిరే అందడం లేదు, ఇక మాటెక్కడ?

"చూశారుగా, ఆవిడ దగ్గర జవాబే లేదు!" అని లకుముకి తేల్చేసింది.

పరక గిలగిలా కొట్టుకుని ఎలాగో నీళ్ళలో పడింది. "లకుముకిగారూ, రేపు చర్చ నీళ్ళలో పెట్టండి. అప్పుడు నేనూ మాట్లాడతాను!"

"బావుంది వరస! మాకు ఊపిరాడొద్దూ?" అని కొంగలు గొల్లుమన్నాయి.

"నిజమే," అంది లకుముకి గంభీరంగా. "అలా పెడితే పక్షపాతం అయిపోతుందమ్మా."