ఐదో బాతు

సాయంత్రం ఐదు కొట్టగానే ఫోను మోగింది.

“మళ్ళీ కుంటుతోందండీ మీ బాతు!” అంది ఆమె, హలో అయినా అనకుండా.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. చేతులు కుట్టుమిషను మీద కర్టెను అంచు తిప్పుతున్నాయి.

“న...మ...స్కారమ్మా,” అంది అవతలి మగ గొంతు. నానిన అట్టలా ముద్దగా ఉంటుంది ఆ గొంతు.

ఆ నమస్కారం పూర్తయ్యేలోపు ఆమె మూరెడు కుట్టేసింది.

ఆమె కూతురికి ఏడేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు బిగుసుకునే ఉంటాయి. మెదడు చెప్పే మాట కాళ్ళు సరిగా వినవన్నారు డాక్టరమ్మ. రోజూ ఇంట్లో ఇరవై నిమిషాలు నడిపించాలి. మూడు నెలల్లో మడమలు నేలకి ఆనకపోతే ఆపరేషనే.

నడవమంటే పిల్ల ఏడుపు. అందుకే కాళ్ళకి వ్యాయామం చేయించే సెంటరు వాళ్ళు ఓ టీవీ ఆట ఇచ్చారు. రోజూ ఐదింటికి ఫోను అక్కడినుంచే.

టీవీ మీద చిన్న కెమెరా. టీవీలో వీళ్ళ హాలే కనబడుతుంది: చిరిగిన సోఫా, మడతపెట్టని బట్టలు, వాకరు పట్టుకున్న పిల్ల. కాకపోతే టీవీలోని నేల మీద ఐదు బాతులుంటాయి. వాటి వెంట నడిచి గుమ్మం దగ్గరి చెరువుదాకా చేర్చాలి.

నాలుగు బాతులు తిన్నగా పోతాయి. ఐదోది మోకాలికి మోకాలు రాసుకుంటూ, పక్కకి ఒరుగుతూ, అన్నిటికంటే వెనక.

వంకర కుట్టు కంటబడితే విప్పేదాకా ఆమెకి అన్నం సయించదు. ఈ బాతు రోజూ కంట్లో నలుసు. ఓ బొమ్మని చూస్తే ఇంత ఒళ్ళుమంట ఎందుకో ఆమె తనని తాను అడగలేదు. అడగడానికి తీరిక లేదనుకుంది.

“దాన్ని సరిచేస్తారా, చేయరా?”

“అది... తప్పు...”

“తప్పేగా! ఒప్పుకున్నారుగా, చేయండి మరి.”

“కా...దమ్మా. అది నా...”

“నా పని కాదంటారు, అంతేగా? మరి నా పనా?”

ఎదుటివాళ్ళ మాట తనే పూర్తిచేయడం ఆమెకి అలవాటు. పిల్ల మాట తడబడినప్పుడల్లా అందించీ అందించీ నాలుకకి పట్టేసింది.

“పాప... ఈరోజు... ఎంతసేపు?”

“ఇరవై రెండు నిమిషాలు.”

“అబ్బో!”

ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

ఆమె ఫోను పెట్టేసింది. “పొద్దు గూకకముందే తాగి మాట్లాడుతున్నాడు, నత్త!”

“నీ ముందు ఎవడైనా నత్తేలే,” అన్నాడు భర్త.

మర్నాడు సెంటరు మేనేజరుకి ఫోను చేసి ఒక్క ఊపిరిలో రెండు ఫిర్యాదులూ దులిపేసింది. “బాతు నడక సరిగా లేదు. ఫోనులో ఆయన మాట సరిగా లేదు.”

“రెండూ మారుస్తామండీ,” అన్నాడు మేనేజరు.

సోమవారానికి ఐదో బాతు స్కేలు పెట్టి గీసినట్టు నడిచింది. ఐదూ వరసగా, మిషను కుట్టులా. ఆమె ప్రాణం కుదుటపడింది.

పిల్ల వాకరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“నా బాతేది?”

“ఐదూ ఉన్నాయిగా, లెక్కపెట్టుకో.”

“అది కాదమ్మా. నాతో వచ్చేది.”

ఆ రోజు ఆరు నిమిషాలు. మంగళవారం నాలుగు. బుధవారం సోఫా మీంచి లేవలేదు.

“లే బంగారం, బాతులు ఎదురుచూస్తున్నాయి.”

“ఎక్కడ చూస్తున్నాయి? వాటికవే పోతున్నాయి. నేనెందుకు?”

బతిమాలింది. కసిరింది. చివరికి తనే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, ఒరుగుతూ నడిచింది.

“ఇదుగో, నేనే నీ బాతుని. రా.”

పిల్ల ఆ కాళ్ళవంక చాలాసేపు చూసింది.

“నువ్వు ఊరికే నటిస్తున్నావు.”

ఐదయింది. ఫోను మోగలేదు. సోమవారం నుంచీ మోగడం లేదని అప్పుడు తట్టిందామెకి. తనే సెంటరుకి చేసింది.

“నమస్కారమండీ చెప్పండి!” ఎవరో అమ్మాయి. గొంతు గలగలమంటోంది.

“ఆ కుంటి బాతుని మళ్ళీ పెట్టండి.”

“అది తీసేశామండీ. ఇక కుదరదు.”

“తీసిందాన్ని పెట్టడానికేం? రోజూ ఐదింటికి ఫోను చేస్తాడే, నత్త... అదే, ఆ పెద్దమనిషి, ఆయన్ని పిలవండి. ఆయనకి తెలుసు.”

“ఐదింటి ఫోను మా పనిలో లేదండీ. ఆయనంతట ఆయనే చేసేవారు. పోయినవారం మానేశారు.”

“సరే, ఇంకెవరితోనైనా గీయించండి! బాతు బొమ్మకి అంత బతిమాలించుకోవాలా?”

“గీసింది కాదండీ. మనిషి ఒంటికి మెరిసే బిళ్ళలు అంటించి, కెమెరాల ముందు నడిపించి, ఆ కదలికే బాతుకి ఎక్కించారు. ఆ నడిచిన మనిషే ఉద్యోగం మానేసి వెళ్తూ తన కదలిక తీసేయమని రాసిచ్చారు. మాట ముద్దగా ఉందన్నారు చూడండి మీరు, ఆయన...”

ఆ అమ్మాయి ఆగింది.

మాట అందించబోయి ఆమె నోరు తెరిచింది. మూసుకుని, ఫోను రెండు చేతులా చెవికి ఆనించుకుంది.

“ఆయనవీ పుట్టినప్పటి నుంచి మీ పాపలాంటి కాళ్ళేనండీ, అది ఆయన నడక.”