మొదటి రోజు కప్పు

"మీ కప్పేదండీ?"

హెచ్చార్ మేడమ్ అడిగేసరికి స్టోరు పెద్దాయన చేతిలోని కాగితం కప్పును వెనక్కి దాచుకున్నాడు.

"లేదమ్మా."

"పగిలిందా?"

"మొదట్నుంచీ లేదు."

హాల్లో ఆయన కాక నలభైరెండు మంది ఉన్నారు. బల్ల మీద నలభైరెండు తెల్ల కప్పులున్నాయి. ప్రతి కప్పు మీదా నీలం రంగుతో ఒక పేరు.

నీటి పంపులు తయారుచేసే ఆ కంపెనీలో అదొక ఆనవాయితీ. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు టీ గదిలోకి వెళ్తే, అప్పటికే వాళ్ల పేరున్న కప్పు కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. ఎవరు పెడుతున్నారన్నది ఎవరికీ పట్టలేదు. కంపెనీ ఇస్తోంది, మనం తాగుతున్నాం అనుకున్నారు.

మేడమ్ చేరి మూడు నెలలే అయింది. పాత ఉద్యోగంలో రెండేళ్లపాటు ఆమెను అందరూ "ఏమండీ" అనే పిలిచారు. ఇక్కడ తన పేరున్న కప్పు చూసి, టీ గది మూల నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆ సంగతి ఇందాక సభలో తనే చెప్పుకుంది.

సభ పేరు 'మనమంతా ఒకటి'. తలా ఒకరి కప్పు చేతిలోకి తీసుకుని, ఆ పేరుగల మనిషి గురించి ఒక మంచి మాట చెప్పాలి. మంచి కంపెనీలకు బహుమతి ఇచ్చేవాళ్లు వచ్చే గురువారం చూడ్డానికి వస్తున్నారు. ఇది దానికి రిహార్సల్.

"అందరికీ వచ్చిన కప్పు మీకెందుకు రాలేదు? ఇస్తే వద్దన్నారా?"

పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. మాటలు తక్కువని ఆయనకు 'మౌనవ్రతం' అని పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు.

"సరే, పోనీండి. మౌనవ్రతం గారి గురించి ఎవరైనా ఒక్క మంచి మాట చెప్పండి."

ఎవరి చేతిలోని కప్పును వాళ్లు పరీక్షగా చూసుకున్నారు.

"అడిగిన బోల్టు అడిగినట్టు ఇస్తాడు మేడమ్!" అన్నాడు సేల్స్ అతను.

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఆయన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టింది. సంస్థను తనదిగా భావించని కారణంగా ఈ రోజు నుంచే ఉద్యోగంలోంచి తొలగిస్తున్నట్టు రాసి ఉంది.

"పదకొండేళ్ల నుంచి ఉన్నానమ్మా."

"పదకొండేళ్లున్నా మీ గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేకపోయారు. తప్పెవరిది?"

"ఇంటి దగ్గర నాకెవరూ లేరు. ఇక్కడికొస్తేనే..."

"ఇక్కడ మాత్రం ఎవరున్నారండీ?"

ఆమె గొంతు పెంచలేదు. ఉన్నమాటే అంటున్నానన్న ధీమాతో అంది.

పెద్దాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. అప్పుడు ఆమె కళ్లు ఆయన చేతుల మీద పడ్డాయి. గోళ్ల సందుల్లో నీలం మరకలు.

"కనీసం చేతులైనా కడుక్కుని రావచ్చు కదా!"

"ఎంత రుద్దినా పోదమ్మా ఇది." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సోమవారం పొద్దున దాకా ఉండనివ్వండి. ఒక పని సగంలో ఉంది."

"ఏం పని?"

"చిన్నదే. సోమవారం కొత్తమ్మాయి చేరుతోందిగా..."

కొత్తగా వచ్చేవాళ్లకు కుర్చీ, బూట్లు పంపాల్సింది స్టోరే. అందుకని వాళ్ల పేర్లు ముందుగా చేరేది అక్కడికే.

"కుర్చీ, బూట్లే కదా! చిన్న పనైతే ఎవరైనా చేస్తారు. తాళాలు ఇచ్చి వెళ్లండి."

ఆయన తాళాలు బల్ల మీద పెట్టాడు. గేటు దగ్గర సంచి తెరిచి చూపించమన్నారు. ఖాళీ టిఫిన్ డబ్బా చూపించి వెళ్లిపోయాడు.

సోమవారం తొమ్మిదింటికల్లా కొత్తమ్మాయి వచ్చేసింది. కప్పు సంగతి ఇంటర్వ్యూలోనే మేడమ్ గొప్పగా చెప్పింది కాబట్టి నేరుగా టీ గదికి పరుగెత్తింది. నలభైమూడో కొక్కెం ఖాళీగా ఉంది.

"నాదేది మేడమ్?"

మేడమ్ టీ గదిలో పనిచేసే టీ అక్క మీద విరుచుకుపడింది.

"నేను కడుగుతానంతే మేడమ్! తెచ్చి పెట్టేది మీ హెచ్చార్ వాళ్లే అనుకున్నాను."

మేడమ్ ఇన్నాళ్లూ ఆఫీసు మేనేజరు పెట్టిస్తున్నాడనుకుంది. ఫోన్ చేసింది.

"మేం కాదండీ. మీరే కదా!" అన్నాడాయన.

ఇంక మిగిలింది స్టోరే. ఆమె తాళాలు తీసుకుని వెళ్లింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పావుగంట తర్వాత బయటికొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో కప్పు ఉంది.

"ఇదిగోనమ్మా. ఆలస్యమైంది, ఏమీ అనుకోకు."

కొత్తమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మొదటి రెండక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి మేడమ్! చివరిదే కాస్త వంకర పోయింది. అయ్యో, ఇంకా తడిగా ఉంది. ఎవరు రాశారు?"

మేడమ్ ఒక్క క్షణం ఆగింది. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. కానీ గురువారం దగ్గర్లో ఉంది, తొలగింపు కాగితం మీద సంతకం తనది.

"మేమే. ఇక్కడ మనమంతా ఒకటి కదా!"

కొత్తమ్మాయి వెళ్లాక, స్టోరు మూల నీలం రంగు డబ్బా, కుంచెలు ఉన్న అట్టపెట్టెను విప్పకుండా చెత్తలో పడెయ్యమని టీ అక్కకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఎంత రుద్దినా, చివరి అక్షరం రాసిన ఆమె వేళ్లను వదలని ఆ నీలం మరక, పదకొండేళ్లుగా అందరి పేర్లూ కప్పుల మీద రాసి, తన పేరు మాత్రం రాసుకోని ఆ పెద్దాయన గోళ్లలోని మరకే.